ఎలుకను అడగకుండా విషం సంగతి తెలుస్తుందా?

పోయిన సంచికలో ఒకరికి జవాబిస్తూ, "ఈ పరీక్షకి ఎలుక అక్కర్లేదు, లాప్‌టాప్ చాలు" అని ఒక్క వాక్యం రాశాను. దాని మీద బోలెడు ఉత్తరాలు వచ్చాయి. కొందరు సంతోషించారు, కొందరు కోప్పడ్డారు, ఒకాయనైతే నాకు మతి పోయిందేమోనని అనుమానపడ్డారు. అందుకని ఈ నెల జ్వరాలూ మాత్రలూ పక్కనపెట్టి, ఒక రసాయనం విషమా కాదా అని జంతువుల బదులు కంప్యూటర్‌తో అంచనా వేసే ఈ సంగతే చూద్దాం.

● మేడమ్, నేను బీఫార్మసీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా కాలేజీలో జంతువుల గది మూసేశారు. ప్రాజెక్టు కోసం "ఏదో ఒక ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో టాక్సిసిటీ చూసి రాసెయ్యి" అన్నారు మా గైడ్ సార్. ఏది వాడాలి? నా లాప్‌టాప్ పాతది. ఆ ఫలితం వైవాలో నిలబడుతుందా అని టెన్షన్‌గా ఉంది.
— ఒక విద్యార్థిని, తణుకు

లాప్‌టాప్ పాతదైనా దిగులు లేదమ్మా, ఒక్కో అణువును చూసుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. "ఏదో ఒకటి" అన్నారు చూడు, అక్కడే నాకు పేచీ.

ముందు టాక్స్‌ట్రీ వేసుకో. యూరోపియన్ కమిషన్ వాళ్ల జాయింట్ రీసెర్చ్ సెంటర్ బల్గేరియాలోని ఐడియాకన్సల్ట్ అనే సంస్థ చేత చేయించిన ప్రోగ్రామ్ ఇది. జావా మీద నడుస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు, కోడ్ మొత్తం ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. అందులో చాలా రకాల నియమాలున్నాయి కానీ నువ్వు క్రామర్ నియమాలతో మొదలుపెట్టు. 1978లో క్రామర్, ఫోర్డ్, హాల్ అనే ముగ్గురు రాసిపెట్టిన 33 ప్రశ్నలవి. జవాబు అవును లేదా కాదు, అంతే. మొదటి ప్రశ్న: ఈ పదార్థం మన ఒంట్లో మామూలుగా ఉండేదేనా? అవునంటే అక్కడే ఆగి, తక్కువ ప్రమాదం ఉన్న మొదటి తరగతి అంటుంది. కాదంటే నైట్రోసో, సయనో లాంటి పేచీకోరు గుంపులేమైనా ఉన్నాయా అని చూస్తుంది. అలా ఒక్కో ప్రశ్నా దాటుకుంటూ పోయి మూడు తరగతుల్లో ఒకదాంట్లో వేస్తుంది. ఆ పదార్థం గురించి వేరే సమాచారమేదీ లేనప్పుడు మనిషి ఒంట్లోకి రోజుకి ఎంతవరకు వెళ్లినా కంగారు అక్కర్లేదో దీన్నిబట్టి చెప్తారు. మొదటి తరగతికి 1800 మైక్రోగ్రాములు, రెండోదానికి 540, మూడోదానికి 90.

ఇప్పుడు ఒక పదార్థం ఇచ్చి చూద్దాం. జుట్టుకి వేసే నల్లరంగులో ఉండే పారాఫినైలిన్ డయామీన్, పీపీడీ, తీసుకో. రంగు ప్యాకెట్ మీద "ముందు చెవి వెనక రాసి 48 గంటలు చూడండి" అని ఉంటుందే, ముఖ్యంగా దీనివల్లే. ఒక బెంజీన్ వలయం, దానికి ఎదురెదురుగా రెండు అమీన్ గుంపులు. బొమ్మ గీసి ఇవ్వొచ్చు, లేదా స్మైల్స్ అనే రాతలో ఒకే వరసలో టైపు చెయ్యొచ్చు. 1980ల్లో డేవిడ్ వైనింగర్ అనే ఆయన తయారుచేసిన రాత అది. సారాలో ఉండే ఇథనాల్ అందులో "సీసీఓ", మూడే అక్షరాలు. పీపీడీకి అంకెలూ బ్రాకెట్లూ కలిపి డజను పడతాయి.

మ్యుటేషన్‌కి (అంటే జన్యువుల్లో మార్పుకి), క్యాన్సర్‌కి సంబంధించిన బెనిగ్ని–బోస్సా నియమాలు ఎంచుకుని నొక్కితే "ప్రైమరీ ఆరోమాటిక్ అమీన్" అని హెచ్చరిక వస్తుంది. అది చూసి "పీపీడీ వల్ల క్యాన్సర్ వస్తుంది" అని రాసేయకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని 3వ గ్రూపులో, అంటే ఎటూ తేల్చలేనివాటి వరసలో పెట్టింది. ఇలాంటి ముక్క ఉన్న అణువులు కొన్ని ఇదివరకు ఇబ్బంది పెట్టాయి, ఆగి చూడు అని చెప్పడమే హెచ్చరిక పని. తీర్పు చెప్పడం దాని పని కాదు.

ఇంకో తిరకాసు ఉంది. పీపీడీతో జనం పడే బాధ చర్మం ఎలర్జీ. అది ఉన్నది ఉన్నట్టుగా కాదు, గాలి తగిలి ఆక్సీకరణం చెందాక చర్మంలోని ప్రొటీన్లను పట్టుకుంటుంది. నువ్వు టైపు చేసిన బొమ్మనే చూసే నియమాలకి ఆ మారిన రూపం కనపడకపోవచ్చు. దాన్ని విడిగా రాసి ఇచ్చి మళ్లీ చూడాలి. ఆ సంగతి నీకు చెప్పాల్సింది నువ్వు రెండో సంవత్సరంలో చదివిన ఆర్గానిక్ కెమిస్ట్రీ, సాఫ్ట్‌వేర్ కాదు. వైవాకి నేను ఎగ్జామినర్‌గా వస్తే మొదట దీన్నే అడుగుతాను.

తర్వాత అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఉచితంగా ఇస్తున్న టెస్ట్ అనే ప్రోగ్రామ్ చూడు. ఎలుకలకి నోటి ద్వారా ఇస్తే వాటిలో సగం చచ్చే మోతాదు, అంటే ఎల్‌డీ50. ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చేపలు 96 గంటల్లో సగం చచ్చే గాఢత. బ్యాక్టీరియాలో మ్యుటేషన్ వస్తుందా అని చూసే ఏమ్స్ పరీక్షలో ఏమొస్తుందో. ఇలాంటివి అంచనా వేస్తుంది. పైన కనపడిన అంకె రాసుకుని మూసేయకు. కిందికి వెళ్తే నీ అణువుకి దగ్గర పోలికలున్న రసాయనాలను వరసగా పెట్టి, ఒక్కోదానికీ ప్రయోగంలో వచ్చిన అంకె, తాను లెక్కగట్టిన అంకె పక్కపక్కనే చూపిస్తుంది. పెళ్లి సంబంధం వస్తే అబ్బాయి తరఫువాళ్లు చెప్పింది విని ఊరుకోం కదా, వాళ్ల వీధిలో నలుగురిని వాకబు చేస్తాం. ఇదీ అలాంటిదే. ఆ చుట్టుపక్కల రసాయనాల విషయంలోనే లెక్క తప్పుతుంటే నీ అణువుకి ఇచ్చిన అంకెను నమ్మేదేముంది?

రిపోర్టులో ప్రోగ్రామ్ వెర్షన్, నువ్విచ్చిన స్మైల్స్, ఏయే ప్రశ్నకి ఏ జవాబొచ్చి ఆ తరగతిలో పడిందీ, దగ్గరి పోలికలు ఏవో రాయి. అన్నిటికంటే ముఖ్యం, నీ అణువు ఆ మోడల్‌కి తెలిసిన పరిధిలో ఉందా లేదా అన్నది. దీన్ని అప్లికబిలిటీ డొమైన్ అంటారు. ఒపేరా అనే ఇంకో ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ ప్రతి అంచనా పక్కనా ఈ ముక్క తనే చెప్తుంది. ఇవన్నీ ఉంటే వైవాలో ఎవరూ నిన్ను కదపలేరు.

● అమ్మా, నేను రిటైర్డ్ సైన్సు మాస్టారిని. కంప్యూటర్ "విషం కాదు" అంటే మీరు మింగుతారా? ఇన్నేళ్లుగా ఎలుకల మీద చూశాకే మందులు బయటికొచ్చాయి. ఇప్పుడు జంతుప్రేమ అంటూ మనుషుల ప్రాణాలతో ఆటలేమిటి?
— అనంతపురం

మింగను మాస్టారూ. ఎలుక బతికిందని చెప్పినా మింగను.

నేను ఆ గదుల్లో పనిచేసినదాన్నే. ఎలుకలకి ముందురోజు రాత్రి నుంచీ మేత తీసేస్తాం. పొద్దున్నే తూకం వేసి, మెడ వెనక తోలు బిగించి పట్టుకుని, చివర గుండ్రటి పూస ఉన్న స్టీలు సూదితో మందును నేరుగా పొట్టలోకి దించుతాం. రసాయనాల పరీక్షలకు పద్ధతులు రాసిపెట్టే దేశాల కూటమి ఓఈసీడీ. దాని ఇప్పటి 423 నంబరు పద్ధతిలో అయితే ఒక విడతకి మూడు ఎలుకలు. కిలో బరువుకి 5, 50, 300, 2000 మిల్లీగ్రాములు అనే మెట్లు. ఎన్ని బతికాయన్నదాన్నిబట్టి పై మెట్టుకో కింది మెట్టుకో వెళ్తాం. ఆ తర్వాత 14 రోజులు చూడాలి. వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం, వీపు గూనిగా వంచి మూలకు చేరడం, మేత ముట్టకపోవడం, అన్నీ నోట్ చెయ్యాలి. ఇదంతా చేసేది ఒక్క అంకె కోసం. 1927లో ట్రెవన్ ఎల్‌డీ50ని తెచ్చినప్పటి నుంచీ దశాబ్దాల తరబడి ఒక్కో పదార్థానికి పదుల కొద్దీ జంతువులను చంపారు. ఆ పాత పద్ధతిని ఓఈసీడీ 2002లో తీసిపారేసింది.

ఆ అంకె మీకు తెలియనిదేమీ కాదు. పురుగుమందు డబ్బా మీద రంగు త్రికోణం ఉంటుంది కదా, అది ఎల్‌డీ50యే. కిలో బరువుకి 50 మిల్లీగ్రాముల లోపైతే ఎరుపు, 500 దాకా పసుపు, 5000 దాకా నీలం, ఆపైన ఆకుపచ్చ. చేలో మందు కొట్టే రైతు ఏళ్ల తరబడి పీల్చినదానికి ఏమవుతుందో ఆ త్రికోణం చెప్పదు. ఒకేసారి మింగిన ఎలుక సంగతే చెప్తుంది.

ఎలుక మనిషికి ఎంత సాక్ష్యం? మందుల కంపెనీల దగ్గరున్న సమాచారాన్ని కలిపి చూసిన ఒక పరిశీలన 2000లో వచ్చింది. మనుషుల్లో కనపడిన దుష్ప్రభావాల్లో 71 శాతం ఏదో ఒక జంతువులో ముందే కనపడ్డాయి. ఎలుక జాతివాటిని మాత్రమే లెక్కేస్తే 43 శాతం. థాలిడోమైడ్ తెలుసు మీకు. 1957లో జర్మనీలో అమ్మకానికొచ్చి, 1961 చివర్లో వెనక్కి తీసేలోపు వేలమంది పసివాళ్లు కాళ్లూ చేతులూ సరిగా ఎదగకుండా పుట్టారు. ఎలుకలు దాన్ని బాగానే తట్టుకుంటాయి. కుందేళ్లలో, కోతుల్లో అవకరాలు కనపడతాయి. మనింట్లో ఉండే పారాసెటమాల్ మోతాదు మించితే మనిషి కాలేయం పాడవుతుంది, చుంచెలుకదీ పాడవుతుంది. అదే పెద్ద ఎలుక చాలావరకు తట్టుకుంటుంది. చుంచుకీ ఎలుకకే పొత్తు కుదరనప్పుడు మనిషి మాటేమిటి?

అయితే మీ కోపంలో ఒక న్యాయం ఉంది. ఈ ప్రోగ్రాములకు తెలివి ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఇందాక చెప్పిన టెస్ట్‌లో ఎలుకల ఎల్‌డీ50 మోడల్ 7 వేలకు పైగా రసాయనాల ఫలితాలతో తయారైంది. అవన్నీ చచ్చిన ఎలుకలు ఇచ్చిన అంకెలే. అవి తప్పైన చోట మోడలూ తప్పుతుంది. నేననేది ఒక్కటే. ఇంత సమాచారం పోగుపడ్డాక, దానిలోంచి లెక్కగట్టగలిగిన అంకె కోసం మళ్లీ సూది పట్టుకోవడం ఎందుకు?

అన్నిటికీ లెక్క సరిపోతుందనడం లేదు. నెలల తరబడి వాడితే ఏమవుతుంది, గర్భంలో బిడ్డకు ఏమవుతుంది లాంటివాటికి కంప్యూటర్ ఒక్కదాన్నే నమ్ముకునే దశ రాలేదు. చర్మం ఎలర్జీ విషయంలో మాత్రం జంతువును పక్కనపెట్టే దశ వచ్చింది. 2021లో వచ్చిన ఓఈసీడీ 497 మార్గదర్శకంలో కంప్యూటర్ అంచనాను గాజునాళికలో, కణాల మీద చేసే పరీక్షలతో కలిపి చుంచెలుక పరీక్షకు బదులుగా ఒప్పుకున్నారు. కొత్త మందులకు జంతు పరీక్ష తప్పనిసరి అన్న మాటను అమెరికా 2022 చివర్లో చట్టం నుంచి తీసేసింది. మన దేశమూ 2023లో కొత్త మందుల నిబంధనలు సవరించి ఇలాంటి పద్ధతులకు చోటిచ్చింది. ప్రేమ ఒక్కటే అయితే ఇంతదూరం వచ్చేది కాదు మాస్టారూ.

● మేడం గారూ, మా మహిళా సంఘంలో కుంకుడు, వేప, నిమ్మనూనెతో సబ్బులు చేస్తున్నాం. ఆన్‌లైన్‌లో అమ్మాలంటే "సేఫ్" అని సర్టిఫికెట్ కావాలంటున్నారు. ఈ ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో తీసుకోవచ్చా?
— సిద్దిపేట

రాదమ్మా. ఈ ప్రోగ్రాములకి ఒక్కసారికి ఒక్క అణువు, అదీ నిర్మాణం తెలిసింది, ఇవ్వాలి. కుంకుడు రసమంటే ఎన్నో పదార్థాల కలగలుపు. సీసం, పాదరసం లాంటి లోహాలకూ ఇవి పనికిరావు. కాబట్టి ఎవరైనా భస్మాలకి "కంప్యూటర్‌లో పరీక్షించాం" అని అట్ట మీద వేసుకుంటే నమ్మకండి. ఆముదం గింజలోని రిసిన్ ఎంత విషమో మీ చుట్టుపక్కల రైతులకే తెలుసు. అది ప్రొటీన్, ఇలాంటి చిన్న అణువుల ప్రోగ్రాముకి అంతుపట్టదు. నూనెలో కరగదు కాబట్టి ఆముదంతో మనకి బెడద లేదు.

మీకు పనికొచ్చేది ఒకటుంది. నిమ్మనూనెలో ఎక్కువగా ఉండేది లిమోనిన్. తాజాగా ఉన్నప్పుడు అంత ఇబ్బంది పెట్టదు, గాలి తగిలి పాతబడితే దాన్నుంచి వచ్చేవి కొందరికి దద్దుర్లు తెప్పిస్తాయి. నూనె సీసా నిండుగా, మూత బిగించి, చల్లటి చోట పెట్టండి. ఏడాది క్రితం తెరిచిన సీసా వాడకండి. లైసెన్సు మాత్రం రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ వాళ్ల దగ్గరే తీసుకోవాలి, సబ్బును ల్యాబ్‌లో పరీక్ష చేయించాలి. "జంతువులపై పరీక్షించలేదు" అని అట్ట మీద వేయిస్తామని ఉత్తరం చివర రాశారు. వేయించుకోండి, కానీ అదేమీ మీ ప్రత్యేకత కాదు. సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడాన్ని మన దేశంలో 2014లోనే నిషేధించారు.

● ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో పనిచేస్తున్నాను. మా మందులో ఒక ఇంప్యూరిటీకి ఒక ప్రోగ్రామ్ పాజిటివ్ అంది, ఇంకోటి నెగెటివ్ అంది. నెగెటివ్ వచ్చినదే ఫైల్లో పెట్టమంటున్నారు మా సార్. ఏం చెయ్యను?
— పేరు వద్దన్నారు, హైదరాబాద్

రెండూ పెట్టండి. మందుల్లో మ్యుటేషన్ తెచ్చే ఇంప్యూరిటీల కోసం 2014లో వచ్చిన ఐసీహెచ్ (మందుల నియమాలు కుదిర్చే అంతర్జాతీయ వేదిక) వాళ్ల ఎం7 మార్గదర్శకం అడిగేదే రెండు ప్రోగ్రాములు. ఒకటి నిపుణుల నియమాలతో నడిచేది, రెండోది గణాంకాలతో నడిచేది. ఒకదాని కంటికి ఆననిది రెండోదానికి ఆనుతుందనే కదా రెండు పెట్టమన్నది!

ఇప్పుడు మీ పని మొదలవుతుంది. పాజిటివ్ అన్న ప్రోగ్రామ్ అణువులో ఏ ముక్కను పట్టుకుందో చూడండి. అదే ముక్క, అదే అమరికలో మీ అసలు మందులోనూ ఉండి, ఆ మందు ఏమ్స్ పరీక్షలో నెగెటివ్ అయితే ఇంప్యూరిటీని ఎం7 లెక్కలో 4వ తరగతిలో పెట్టి మామూలు ఇంప్యూరిటీలా చూడొచ్చు. అలా కాకపోతే రెండు దారులు. రోజుకి 1.5 మైక్రోగ్రాముల హద్దులో ఉంచడం, లేదా ఆ ఇంప్యూరిటీకే ఏమ్స్ చేయించి తేల్చుకోవడం. ఏమ్స్ బ్యాక్టీరియా మీద చేసేదే అయినా అందులో కలిపే ఎస్9 అనే ఎంజైముల ద్రావణం మామూలుగా ఎలుక కాలేయం నుంచి తీసిందే. "జంతువు ఊసే లేదు" అని రాసేవాళ్లు ఇది మర్చిపోతుంటారు.

మీది నైట్రోసమీన్ (చాలావరకు క్యాన్సర్ తెచ్చే గుణమున్న రసాయనాల జాతి) అయితే పైన చెప్పిన 1.5 లెక్క చెల్లదు. 2018లో బీపీకి వాడే వాల్సార్టాన్ మాత్రల్లో ఎన్‌డీఎంఏ అనే నైట్రోసమీన్ బయటపడ్డాక వాటి దారే వేరైంది. 2023 నుంచి యూరప్, అమెరికా సంస్థలు నైట్రోజన్ పక్కనున్న కార్బన్ల మీద ఎన్ని హైడ్రోజన్లున్నాయి లాంటి గుర్తులతో మార్కులు వేసి, ఆ మార్కులనుబట్టి రోజువారీ హద్దు చెప్తున్నాయి. పెన్సిల్‌తో కూడా వేసుకోవచ్చు ఆ లెక్క.

ఓపెన్ సోర్స్ విలువ తెలిసేది ఇలాంటప్పుడే. ఇలాంటి మోడళ్లకు ఓఈసీడీ 2004లో ఒప్పుకున్న ఐదు సూత్రాల్లో రెండోది, లెక్క చేసిన పద్ధతి సందేహానికి తావులేకుండా ఉండాలని. టాక్స్‌ట్రీలో ఏ నియమం తగిలిందో కోడ్ తెరిచి మరీ ఆడిటర్‌కి చూపించొచ్చు. ఉచితమైందల్లా ఓపెన్ సోర్స్ అనుకోవద్దు. అణువు నిర్మాణాన్నిబట్టి విషగుణం అంచనా వేసే ఓఈసీడీ వాళ్ల క్యూసార్ టూల్‌బాక్స్ ఉచితమే, చాలా మంచిదే, కానీ దాని కోడ్ మన చేతికి రాదు. మీ సార్‌కి మాత్రం ఒక్కటి చెప్పండి. పాజిటివ్ అన్న ప్రోగ్రామ్ నడిపినట్టు కంప్యూటర్‌లో లాగ్ ఉంటుంది, దాని పక్కన పేరు మీదే ఉంటుంది, ఆయనది కాదు.

● నేను డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఆర్‌డీకిట్ (అణువులతో పనిచేసే ఉచిత కోడ్), పైథాన్‌తో ఒక మోడల్ రాశాను. టాక్స్21 (రసాయనాల విషగుణం మీద అమెరికా ప్రభుత్వ సంస్థల పరీక్షలు) డేటా మీద 95 శాతం కరెక్ట్‌గా చెప్తోంది. అందరికీ ఇచ్చేద్దామనుకుంటున్నాను. మీరేమంటారు?

ఇవ్వండి తమ్ముడూ, కానీ ఆ 95ని అట్ట మీద వేయకండి. 2014లో జరిగిన టాక్స్21 పోటీకి ఇచ్చింది 12 పరీక్షలు, దాదాపు 10 వేల పదార్థాలు. ఆస్ట్రియాలోని లింజ్ యూనివర్సిటీ వాళ్లు డీప్ లెర్నింగ్‌తో గెలిచారు. ఆ పరీక్షల్లో చాలావాటిలో పాజిటివ్‌లు బహు తక్కువ. ఏ పదార్థమిచ్చినా కళ్లుమూసుకుని "విషం కాదు" అనే ప్రోగ్రామ్‌కి కూడా అక్కడ 90కి పైగా మార్కులొస్తాయి! విషమైనవాటిలో ఎన్నింటిని పట్టుకుందో విడిగా చెప్పండి.

ఇంకోటి. డేటాను చీట్లు కలిపినట్టు కలిపి రెండు భాగాలు చేస్తే, నేర్పినవాటి అన్నదమ్ములే పరీక్షలోకీ వస్తాయి. అణువు చట్రాన్నిబట్టి విడగొట్టి మళ్లీ చూడండి. మార్కులు పడిపోతాయి, పడిపోయిన ఆ అంకెనే రాయండి. తెలియని అణువు వచ్చినప్పుడు "నాకు తెలియదు" అనడం కూడా దానికి నేర్పండి. అది మొదట వాడుకునేది తణుకు అమ్మాయిలాంటివాళ్లే.

● ఈ ప్రోగ్రాములు తెలుగులో ఉన్నాయా?
— ఖమ్మం

లేవు. టాక్స్‌ట్రీ లైసెన్సు ప్రకారం ఎవరైనా దాన్ని మార్చి పంచొచ్చు. ఆ 33 ప్రశ్నలు తెలుగు చెయ్యడానికి ఎవరైనా ముందుకొస్తే రాసినంతవరకు పంపండి. కెమిస్ట్రీ నేను సరిచూసి పెడతాను.